పరదేశపు చదువు: పిలిచినవాడిని ముందు అడగండి

విత్తనాల ఏజెంట్లు తొలకరికి ముందు వస్తారు. ఎరువుల కంపెనీ మనుషులు ఊడ్పులకు ముందు వస్తారు. ఇటీవలి కాలంలో ఇంకొక రకం మనుషులు కూడా మన పట్టణాలకు వేళ తప్పకుండా వస్తున్నారు. వారు వచ్చేది ఇంటర్మీడియట్ పరీక్షలకు ముందు. వారు తెచ్చే సరుకు విదేశాలలో చదువు.

శ్రీకాకుళం జిల్లాలోని ఒక పట్టణంలో, ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో జరిగిన అటువంటి సమావేశానికి ఈ విలేఖరి వెళ్లడం జరిగింది. పాఠాలు ఆపివేసి పిల్లలందరినీ ఒక హాలులో కూర్చోబెట్టారు. గోడకు ఒక విదేశీ విశ్వవిద్యాలయం పేరుతో గుడ్డ కట్టారు. టై కట్టుకున్న ఒక యువకుడు గంటసేపు మాట్లాడాడు. మాట్లాడినంత సేపూ 'మా యూనివర్సిటీ' అన్నాడు. మంచు కొండల బొమ్మలు, పెద్ద పెద్ద భవనాల బొమ్మలు తెరమీద చూపించాడు. తరువాత ప్రతి విద్యార్థికీ ఒక కాగితం పంచారు. పేరు, మార్కులు, తండ్రి పేరు, తండ్రి ఫోను నంబరు రాయమన్నారు. అంతవరకూ బాగానే వుంది. చివరి గడిలో 'సొంత భూమి, ఇల్లు వున్నవా?' అన్న ప్రశ్న కూడా వుంది.

చదువు చెప్పేవారికి పిల్లవాడి మార్కులు కావాలి. అతని తండ్రికి ఎన్ని ఎకరాలు వున్నదీ ఎందుకు కావాలి?

సమావేశం ముగిశాక ఈ విలేఖరి ఆ యువకుని కలిసి, 'అయ్యా, మీరు ఆ విశ్వవిద్యాలయంలో ఉద్యోగస్తులా?' అని అడగడం జరిగింది. 'మేము వారి అధీకృత ప్రతినిధులం' అన్నాడు. 'మీకు జీతమా, కమీషనా?' అంటే, 'అది ఆఫీసు విషయం సార్' అని నవ్వి తన సంచి సర్దుకున్నాడు.

హాలు వెనుక గోడనానుకుని నిలబడిన తండ్రులలో ఉద్దానం నుంచి వచ్చిన ఒక రైతు వున్నాడు. ఆయన ముందుకు వచ్చి, 'అక్కడ సదివొస్తే మా పాప పలాస ఆస్పత్రిలో కూకోని మందులు రాయడానికి ఒప్పుకుంటారా బాబూ?' అని అడిగాడు. 'ఎందుకు ఒప్పుకోరండీ! వచ్చాక ఒక చిన్న పరీక్ష రాస్తే చాలు' అన్నాడు ఆ యువకుడు.

ఈ రెండు జవాబుల గురించే ఈ నాలుగు మాటలు. ఒకటి, ఆయన చెప్పకుండా దాటవేసిన కమీషను. రెండవది, ఆయన చాలా తేలికగా చెప్పిన ఆ చిన్న పరీక్ష.

వచ్చేవారు ఎవరు?

విదేశీ విశ్వవిద్యాలయాల వారు మన దేశపు పాఠశాలలకు రావడం అబద్ధమేమీ కాదు. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా దేశాల నుంచి ప్రవేశాల విభాగపు అధికారులు ఢిల్లీ, బొంబాయి, బెంగుళూరు, హైదరాబాదు వంటి నగరాలకు వచ్చి, పెద్ద పాఠశాలలలో పన్నెండవ తరగతి పిల్లలతో మాట్లాడి వెళుతుంటారు. హోటళ్లలో విద్యా ప్రదర్శనలు పెడతారు. వారు కూడా తమ సంస్థను అమ్ముకోవడానికే వస్తారు. కాని వారు ఆ సంస్థలో జీతం తీసుకునే మనుషులు. రేపు ఏదైనా తేడా వస్తే ఫలానా విశ్వవిద్యాలయం ఫలానా ఉద్యోగి చెప్పాడని అడగడానికి వీలుంటుంది.

ఆ అధికారులు రాజాం రారు. బొబ్బిలి రారు. సోంపేట, సాలూరు అసలే రారు. ఇక్కడకు వచ్చేది వారి పేరు చెప్పుకునేవారు. విశ్వవిద్యాలయం ఒక పెద్ద ఏజెన్సీతో ఒప్పందం చేసుకుంటుంది. ఆ ఏజెన్సీ కింద నగరంలో ఒక కన్సల్టెన్సీ వుంటుంది. దాని కింద పట్టణంలో ఒక చిన్న ఆఫీసు వుంటుంది. ఆ ఆఫీసుకు పిల్లల జాబితా అందించే మనిషి ఒకడు వుంటాడు. విశ్వవిద్యాలయం నుంచి మన ఊరి పిల్లవాడి దాకా మధ్యన ఎన్ని చేతులు వున్నాయో, అంతమందికీ ఆ పిల్లవాడి ఫీజులోనే వాటా పడాలి.

ఇందులో కళాశాలల పాత్ర కూడా తక్కువేమీ కాదు. కళాశాల హాలులో, ప్రిన్సిపాలుగారి పక్కన కుర్చీ వేసుకుని మాట్లాడిన మనిషిని పల్లెటూరి తల్లిదండ్రులు ఏజెంటు అనుకోరు. మాస్టారి మనిషి అనుకుంటారు. మాస్టారు అబద్ధం చెప్పరన్న నమ్మకం ఇప్పటికీ మన ఊళ్లలో వుంది. ఆ నమ్మకాన్నే ఆ గంటసేపూ అద్దెకు ఇస్తున్నారు.

తలకింత కమీషను

బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడా వంటి దేశాలకు విద్యార్థిని చేర్పించిన ఏజెంటుకు మొదటి ఏడాది ఫీజులో నూటికి పది నుంచి ఇరవై వరకు ముట్టడం ఈ వ్యాపారంలో మామూలు. ఏడాది ఫీజు 20 లక్షల రూపాయలు అనుకుందాం. నూటికి పదిహేను చొప్పున వేసినా ఒక్క పిల్లవాడి తలకు 3 లక్షలు. ఆ పిల్లవాడు అక్కడ చదివినా చదవకపోయినా, ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఆ 3 లక్షలు వెనక్కు పోవు. తక్కువ కమీషను ఇచ్చే మంచి కళాశాల ఒకటి, ఎక్కువ కమీషను ఇచ్చే నాసిరకం కళాశాల ఒకటి వుంటే ఆ మనిషి దేనిని మెచ్చుకుంటాడో వేరే చెప్పనక్కరలేదు. వైద్యవిద్య విషయంలో అయితే ప్రయాణం, హాస్టలు, భోజనం అన్నీ కలిపి 'ప్యాకేజీ' అంటారు. అందులో విశ్వవిద్యాలయానికి వెళ్లేది ఎంత, మధ్యవారికి మిగిలేది ఎంత అన్నది తల్లిదండ్రులకు ఎవరూ విడదీసి చెప్పరు.

ఇక్కడ ఒక సంగతి అందరూ తెలుసుకోవాలి. ప్రభుత్వ సహాయం పొందే అమెరికా విశ్వవిద్యాలయాలు తమ దేశపు విద్యార్థులను చేర్పించినందుకు ఎవరికీ తలకింత అని కమీషను ఇవ్వకూడదు. 1992లో ఆ దేశం ఉన్నత విద్యా చట్టాన్ని సవరించి ఈ నిషేధం పెట్టింది. డబ్బు కోసం అర్హత లేనివారిని కూడా చేర్పించి అప్పులలో ముంచుతున్నారన్నదే అందుకు కారణం. కాని అదే చట్టంలో ఒక మినహాయింపు వుంది. బయటి దేశాలలో వుండే విదేశీ విద్యార్థుల విషయంలో ఆ నిషేధం వర్తించదు. అంటే వారి పిల్లల విషయంలో తప్పు అనుకున్నది మన పిల్లల విషయంలో ఒప్పు అయింది.

నారాయణవలస సంతలోనో, మానాపురం సంతలోనో ఎడ్లను బేరం చేసే రైతు, మధ్యన తువ్వాలు కప్పి వేళ్లు పట్టే దళారి ఎవరి మనిషో ముందు కనుక్కుంటాడు. ఆ తరువాతే ఎద్దు పళ్లు చూస్తాడు. ఎద్దు విషయంలో ఇంత జాగ్రత్తగా వుండే మనం, కన్న బిడ్డ విషయంలో ఆ ఒక్క ప్రశ్న అడగడానికి మొగమాటపడడం శోచనీయం.

రంగం మేస్త్రీలు

తలకింత లెక్కన మనుషులను తీసుకుపోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. మన తాతల కాలంలో అప్పటి గంజాం, విశాఖపట్నం జిల్లాల పల్లెలకు మేస్త్రీలు వచ్చేవారు. రంగంలో, అంటే బర్మా దేశపు రంగూనులో, బియ్యపు మిల్లులలోనూ, రేవులోనూ పని వుందని చెప్పి చేతిలో అడ్వాన్సు పెట్టేవారు. ఆ అడ్వాన్సే మెడకు తాడు. కళింగపట్నం, బారువ, విశాఖపట్నం రేవులలో స్టీమరు ఎక్కినవారు ఆ బాకీ తీరేవరకూ మేస్త్రీ చెప్పిన చోట చాకిరీ చేసేవారు. వారి కూలిలో కొంత మేస్త్రీకే పోయేది.

1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేశాయి. లక్షలాది భారతీయులు అడవులు, కొండలు పట్టుకుని నడిచి వచ్చారు. దారిలో పోయినవారు పోగా మిగిలినవారు ఇల్లు చేరారు. ఆ కథలు చెప్పిన ముసలివారిని చూసినవారు ఇప్పటికీ మన ఊళ్లలో వున్నారు. బాంబులు పడిన రోజున అడ్వాన్సు ఇచ్చిన మేస్త్రీని వెతికితే దొరకలేదు.

అదే రంగం డబ్బుతో జరిగిన మంచి పని కూడా ఒకటి వుంది. రంగూనులో వ్యాపారం చేసి సంపాదించిన మల్లాడి సత్యలింగం నాయకరుగారు తన ఆస్తిని ధర్మకార్యాలకు రాసిపోయారు. కాకినాడలో ఆయన పేరుతో నడిచిన ఆ ధర్మసంస్థ సహాయంతోనే, ఆపైన మామగారు ఇచ్చిన తోడ్పాటుతో, యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో అమెరికా వెళ్లి హార్వర్డులో చేరారు. ప్రపంచానికి ఉపయోగపడిన మందులు కనిపెట్టడంలో ఆయన పాత్ర అందరికీ విదితమే. రెండు సంగతులు గమనించాలి. ఆయనను పంపినవారు ఆయన తల మీద కమీషను తీసుకోలేదు. ఆయన వెళ్లింది కూడా మద్రాసులో వైద్యవిద్య పూర్తిచేసి, చేతిలో ఒక చదువు పెట్టుకున్న తరువాతే.

ఆ చిన్న పరీక్ష

ఇక ఉద్దానం రైతు అడిగిన ప్రశ్నకు వద్దాం. విదేశంలో వైద్యవిద్య చదివి వచ్చినవారు మన దేశంలో వైద్యం చేయాలంటే విదేశీ వైద్య పట్టభద్రుల పరీక్షలో నెగ్గాలి. దీనినే ఎఫ్.ఎం.జి.ఇ. అంటారు. 2002 నుంచి జరుగుతున్నది. 300 ప్రశ్నలు వుంటాయి. 150 మార్కులు రావాలి. ఏడాదికి రెండుసార్లు పెడతారు. అనేక దఫాలలో పదిమంది రాస్తే ఇద్దరు ముగ్గురికి మించి గట్టెక్కలేదు. కొన్ని దఫాలలో అదీ లేదు. ఆ యువకుడు చెప్పిన 'చిన్న పరీక్ష' ఇదే.

పరీక్ష రాయడానికి కూడా అర్హతలు వున్నాయి. 2018 నుంచి నీట్ పరీక్షలో అర్హత పొందనివారు విదేశంలో వైద్యం చదివినా ఇక్కడ చెల్లదు. జాతీయ వైద్య కమీషను 2021 నవంబరు 18న చేసిన నిబంధనల ప్రకారం ఆ చదువు కనీసం 54 నెలలు వుండాలి. ఆపైన అదే విదేశీ సంస్థలో 12 నెలల ఇంటర్నుషిప్పు చేయాలి. బోధన ఇంగ్లీషులోనే జరిగి వుండాలి. చదువు, శిక్షణ మొత్తం ఒకే సంస్థలో జరగాలి. ఆ దేశంలో వైద్యం చేయడానికి ఆ దేశస్తులతో సమానంగా అర్హత ఇచ్చే చదువై వుండాలి. తిరిగి వచ్చి పరీక్ష నెగ్గిన తరువాత ఇక్కడ మరొక 12 నెలలు ఇంటర్నుషిప్పు చేయాలి. మొత్తం చదువు పదేళ్లలోపల పూర్తికావాలి.

వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆరేళ్ల చదువూ, తోట అమ్మిన సొమ్మూ నీటిలో పోసిన పన్నీరే. కరపత్రంలో మంచు కొండలు వున్నాయి, క్రికెట్టు మైదానం వుంది, ఆంధ్రా భోజనం దొరుకుతుందని వుంది. 54 నెలల మాట మాత్రం లేదు.

అక్కడ కష్టం వస్తే?

2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైంది. ఆ దేశంలో వైద్యం చదువుతున్న మన పిల్లలు నేలమాళిగలలో తలదాచుకున్నారు. చలిలో మైళ్లకు మైళ్లు నడిచి రుమేనియా, పోలండు, హంగరీ సరిహద్దులు చేరారు. 'ఆపరేషన్ గంగ' పేరుతో మన ప్రభుత్వం విమానాలు పంపింది. మొత్తం 22,000 మందికి పైగా భారతీయులు తిరిగివచ్చారు. మార్చి 1న ఖార్కివ్ నగరంలో కర్ణాటకకు చెందిన ఒక వైద్య విద్యార్థి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ప్రాణాలతో వచ్చినవారి చదువు మధ్యలో ఆగిపోయింది. ఒకే సంస్థలో చదవాలన్న నిబంధనకు సడలింపు రావడానికి సెప్టెంబరు దాకా పట్టింది. చివరి సంవత్సరాల వారు సుప్రీంకోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది.

అంతకు ముందు చైనా వెళ్లినవారి గతి కూడా అంతే. 2020లో కరోనా వచ్చి ఇంటికి వచ్చిన పిల్లలకు 2022 ఆగస్టు వరకు తిరిగి వెళ్లడానికి వీసాలు దొరకలేదు. శవాన్ని కోసి నేర్చుకోవలసిన చదువును ఇంటి అరుగు మీద ఫోనులో విన్నారు. 2024 మే నెలలో కిర్గిజ్ దేశపు రాజధాని బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద గుంపులు దాడి చేశాయి. మన పిల్లలను గదులు దాటి బయటకు రావద్దని మన రాయబార కార్యాలయం హెచ్చరించవలసి వచ్చింది.

యుద్ధాన్ని, రోగాన్ని ఏజెంటు తెచ్చాడని ఎవరూ అనరు. అయితే ఆ రోజున పిల్లల కోసం ఎవరు నిలబడ్డారన్నది ముఖ్యం. నిలబడింది ప్రభుత్వం, రాయబార కార్యాలయం, అక్కడి తోటి తెలుగువారు. చేర్పించిన మనిషికి ఆ బాధ్యత ఏ కాగితం మీదా లేదు.

వైద్యవిద్య కాని చదువులలోనూ తెలుగు పిల్లలు దెబ్బతిన్నారు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయాన్ని 2011 జనవరిలో అధికారులు మూసివేశారు. అందులో చేరినవారిలో ఎక్కువమంది ఆంధ్ర రాష్ట్రం వారే. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు తగిలించారు. ఆ సంస్థ నడిపిన వ్యక్తికి 2014లో పదహారేళ్లకు పైగా జైలు పడింది. 2019 జనవరిలో బయటపడిన ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం మరీ విచిత్రం. దొంగ విద్యార్థులను, దళారులను పట్టుకోవడానికి అమెరికా అధికారులే దానిని పేరుకు పెట్టారు. పాఠాలు లేవు, పంతుళ్లు లేరు. అప్పటికే అమెరికాలో వున్న ఆరు వందల మంది దాకా విద్యార్థులు అందులో చేరారు. డబ్బు తీసుకుని వారిని చేర్పించిన ఎనిమిది మందిని అరెస్టు చేశారు. ఆ దళారులలో, విద్యార్థులలో తెలుగువారే ఎక్కువ. మనవాడే కదా అని నమ్మడం వల్ల వచ్చిన చేటు ఇది.

తప్పు తల్లిదండ్రులదేనా?

ఇంత తెలిసీ ఎందుకు పంపుతున్నారని పట్టణాలలో వున్నవారు అడగవచ్చు. దానికి కారణం ఆశ ఒక్కటే కాదు. దేశం మొత్తం మీద 20 లక్షలకు పైగా పిల్లలు నీట్ రాస్తుంటే వైద్య సీట్లు లక్ష పైచిలుకు మాత్రమే. మన శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2008లో వచ్చింది. విజయనగరంలో 150 సీట్లతో 2023 సెప్టెంబరులో వచ్చింది. ఆ ఏడాది వచ్చిన కొత్త ప్రభుత్వ కళాశాలలలోనే కొన్ని సీట్లకు ఏటా 12 లక్షలు, ఎన్నారై కోటా సీట్లకు ఏటా 20 లక్షలు ఫీజు నిర్ణయించారు. ఇక్కడ రెండేళ్లకయ్యే డబ్బుతో అక్కడ ఆరేళ్ల చదువు పూర్తవుతుందని ఏజెంటు చెబితే రైతు మనసు లాగకుండా వుంటుందా?

పైగా డాక్టరు విలువ తెలిసినవారు ఉద్దానం వారికి మించి ఎవరున్నారు? మూత్రపిండాల జబ్బుతో ఇంటికొకరిని పోగొట్టుకున్న ఊళ్లు అవి. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధనా కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమైనవి. అక్కడ మన ఊరి బిడ్డ డాక్టరుగా కూర్చోవాలన్న కోరికను తప్పుపట్టగలవారు లేరు.

అయితే ఆ కోరికకు పెట్టే పెట్టుబడి ఎక్కడిది? బ్యాంకులు ఏడున్నర లక్షలు దాటిన విద్యా రుణానికి ఆస్తి హామీ అడుగుతాయి. పొలాన్ని హామీగా తీసుకోవడానికి సాధారణంగా ఒప్పుకోవు. కనుక చివరకు వడ్డీ వ్యాపారే దిక్కవుతున్నాడు, లేదా తోట అమ్మకానికి పెడుతున్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కూల్చిన కొబ్బరి చెట్ల స్థానంలో నాటిన మొక్కలు కాపుకు రావడానికి ఎన్నేళ్లు పట్టిందో ఆ రైతులకు తెలుసు. అటువంటి తోటను ఒక గంట ఉపన్యాసం విని తాకట్టు పెట్టకూడదు.

పిల్లలు పరదేశం పోకూడదని మా అభిప్రాయం కాదు. మంచి విశ్వవిద్యాలయాలలో చదివి పైకి వచ్చిన తెలుగు పిల్లలు వేలమంది వున్నారు. విదేశంలో వైద్యం చదివి, ఆ పరీక్ష మొదటిసారే నెగ్గి వచ్చినవారూ వున్నారు. వారు తెలిసి వెళ్లారు. తెలియకుండా పంపబడకూడదన్నదే ఇక్కడ చెప్పేది.

అధికారులు చేయవలసినది

గల్ఫు దేశాలకు కూలి పనికి మనుషులను పంపే ఏజెంటుకు 1983 వలసల చట్టం కింద ప్రభుత్వ రిజిస్ట్రేషను వుండాలి. ఆ చట్టం ఉద్యోగానికి వెళ్లేవారికే గాని చదువుకు వెళ్లేవారికి కాదు. తాపీ మేస్త్రీని పంపేవాడికి లైసెన్సు కావాలి, పదిహేడేళ్ల పిల్లను పంపేవాడికి అక్కరలేదన్న మాట. పంజాబు రాష్ట్రం 2012లోనే చట్టం చేసి విదేశీ చదువుల కన్సల్టెన్సీలను కూడా లైసెన్సు కిందకు తెచ్చింది. అటువంటి ఏర్పాటు మన రాష్ట్రంలో కూడా చేయాలి. ఆస్ట్రేలియా దేశంలో ప్రతి విద్యాసంస్థ తన ఏజెంట్ల పేర్లు బహిరంగంగా ప్రకటించాలని చట్టం వుంది. కనుక ఆ దేశం పేరు చెప్పుకుని వచ్చేవారి పేరు ఆ జాబితాలో వున్నదీ లేనిదీ చూడడం కష్టం కాదు.

చట్టం వచ్చేవరకూ ఆగవలసిన పని కూడా లేదు. ఇంటర్మీడియట్ విద్యాధికారులు ఒక ఉత్తర్వు ఇస్తే చాలును. తరగతి వేళలలో ఇటువంటి సమావేశాలు జరపరాదు. తల్లిదండ్రులు లేకుండా జరపరాదు. వచ్చినవారు తాము ఎవరి మనుషులో, తమకు డబ్బు ఎవరు ఇస్తారో ముందుగా రాసి నోటీసు బోర్డు మీద పెట్టాలి. పిల్లల ఫోను నంబర్లు, తల్లిదండ్రుల ఆస్తి వివరాలు ఎవరికీ ఇవ్వరాదు. సమావేశానికి గాని, చేరిన విద్యార్థికి గాని కళాశాల వారు ప్రతిఫలం తీసుకోరాదు.

జిల్లా కలెక్టర్లు శ్రద్ధ తీసుకుని, ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చే రోజులలో శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం కేంద్రాలలో సలహా శిబిరాలు నడపాలి. ప్రభుత్వ వైద్య కళాశాల నుంచి ఒక డాక్టరును, బ్యాంకు నుంచి ఒక అధికారిని, విదేశంలో చదివివచ్చిన ఒకరిద్దరిని అక్కడ కూర్చోబెడితే సరిపోతుంది. పెద్ద ఖర్చు కాదు. ఏ కమీషనూ లేని సలహా మన రైతుకు దొరికే చోటు ఒకటి వుండాలి.

తల్లిదండ్రులు అడగవలసినది

అంతవరకు తల్లిదండ్రులు ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని, జవాబు కూడా కాగితం మీదనే తీసుకోవాలి. నోటిమాట పనికిరాదు.

మీకు డబ్బు ఎవరు ఇస్తారు, ఎంత ఇస్తారు? సీటు ఇచ్చినట్లు ఉత్తరం విశ్వవిద్యాలయం నుంచి నేరుగా మాకు వస్తుందా, మీ ద్వారానా? ఫీజు విశ్వవిద్యాలయం ఖాతాకే కడతాము, ఒప్పుకుంటారా? వీసా రాకపోతే, లేదా చదువు మధ్యలో ఆగిపోతే ఎంత డబ్బు, ఎన్ని రోజులలో తిరిగి వస్తుంది?

వైద్యం అయితే ఇంకా అడగాలి. పిల్ల నీట్‌లో అర్హత పొందిందా? ఆ చదువు 54 నెలలు వున్నదా? ఇంటర్నుషిప్పు అక్కడే ఇస్తారా? ఆసుపత్రిలో రోగులు ఏ భాష మాట్లాడుతారు, ఆ భాష పిల్లకు ఎప్పుడు నేర్పుతారు? అక్కడ చదివి తిరిగివచ్చిన మన ప్రాంతపు పిల్లల ఫోను నంబర్లు ఒక అయిదు ఇవ్వగలరా? వారిలో పరీక్ష నెగ్గినవారు ఎందరు? ఈ చివరి రెండు ప్రశ్నలకు జవాబు రాకపోతే అక్కడితో లేచి రావచ్చును.

ఉచితంగా సలహా చెప్పే చోట్లు కూడా వున్నాయి. అమెరికా చదువుల విషయంలో ఆ దేశ ప్రభుత్వమే నడిపే ఎడ్యుకేషన్ యు.ఎస్.ఎ. కేంద్రం హైదరాబాదులో వుంది. బ్రిటన్ గురించి బ్రిటిష్ కౌన్సిలు వారిని అడగవచ్చు. వైద్య నిబంధనలు జాతీయ వైద్య కమీషను వెబ్‌సైటులో వున్నాయి. మన రాష్ట్ర ప్రభుత్వపు ప్రవాసాంధ్రుల సంస్థ వుంది. పిల్ల విదేశం చేరగానే మన విదేశాంగ శాఖ వారి 'మదద్'లో పేరు నమోదు చేయించాలి. ఇంట్లో ఫోను చూడడం తెలిసిన పిల్లవాడు ప్రతి ఊరిలోనూ వున్నాడు. ఒక సాయంత్రం కూర్చోబెట్టి చదివించుకుంటే సరిపోతుంది.

మరొక్క మాట. కేంద్ర సాంఘిక న్యాయ శాఖ వారి జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పు పై చదువులకే గాని, ఇంటర్మీడియట్ అయిన వెంటనే చదివే డిగ్రీకి లేదు. ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం వుంది. విజయనగరంలో గురజాడ పేరున సాంకేతిక విశ్వవిద్యాలయం వుంది. 1926లో స్థాపించిన ఆంధ్ర విశ్వవిద్యాలయం విశాఖలో వుంది. అక్కడకు ఆఫ్రికా దేశాల నుంచి కూడా పిల్లలు వచ్చి చదువుకుంటున్నారు. ఇక్కడ డిగ్రీ ముగించి, ఇరవై ఒకటో ఏట లోకం తెలిసి, స్కాలర్‌షిప్పుతో వెళ్లే దారి ఒకటి తెరిచే వుంది. ఆ దారి గురించి ఏ ఏజెంటూ చెప్పడు. అందులో ఆయనకు వచ్చేది ఏమీ లేదు.

ఆ రోజు సమావేశం అయిపోయి అందరూ వెళ్లాక ఉద్దానం రైతు బస్సు కోసం నిలబడి, చేతిలో కరపత్రం మడతపెట్టుకుంటూ, 'నువ్వేటంటావు బాబూ, పంపమంటావా?' అని ఈ విలేఖరిని అడిగాడు. అప్పటికి చెప్పడానికి సరైన జవాబు లేకపోయింది. ఇప్పుడు చెప్పవలసినది ఇదే. పిల్లను పంపాలా వద్దా అన్నది మీ ఇష్టం. కాని తోట కాగితాలు పెట్టెలోంచి తీసే ముందు, కరపత్రం ఇచ్చిన మనిషిని మళ్లీ పిలవండి. ఆయనకు డబ్బు ఎవరు ఇస్తారో అడగండి. ఆయన మళ్లీ నవ్వి సంచి సర్దుకుంటే మీకు జవాబు దొరికినట్లే.